చిన్న షాపు నుంచి విమాన, రక్షణ విడిభాగాల ఎగుమతి: ఏ కాగితం ముందు, ఏ సాయం తర్వాత

బొబ్బిలి గ్రోత్ సెంటర్ నుంచి, పైడిభీమవరం నుంచి, ఈ మధ్య రాజాం వైపు నుంచి కూడా నాకు ఒకే ప్రశ్న వస్తోంది. "అన్నా, మాకు రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మిషన్లు), ఒక సీఎన్‌సీ లేత్ ఉన్నాయి. విశాఖలో నేవీ పనులు చేసేవాళ్ల దగ్గర జాబ్ వర్క్ చేస్తున్నాం. ఇప్పుడు బయటి దేశం నుంచి కొటేషన్ అడిగారు. గవర్నమెంటు సాయం ఏముంది, ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి, సగం మర్చిపోయి, మళ్లీ ఫోన్ చేసి చెప్పడం కంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను చేసిన వరసలోనే, నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

చాలామంది సబ్సిడీతో మొదలుపెడుతున్నారు. అది తలకిందుల వరస. మన రంగంలో ముందు తేలాల్సింది డబ్బు సంగతి కాదు, మీరు చేసే వస్తువు దేశం దాటడానికి అనుమతి కావాలా అక్కర్లేదా అన్నది. అది తేల్చుకోకుండా ముందుకెళ్తే అప్పుకి వడ్డీ నడుస్తూనే ఉంటుంది, పెట్టె మాత్రం పోర్టులో కూర్చుంటుంది.

1. డ్రాయింగ్ బల్ల మీద పెట్టి, వస్తువు ఏమిటో తేల్చుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని ఈ ఐదూ రాయండి:

- వస్తువు పేరు, పార్ట్ నంబరు, డ్రాయింగ్ రివిజన్ అక్షరం
- ఏ మెటీరియల్, ఏ స్పెసిఫికేషన్
- చివరికి ఎక్కడ బిగిస్తారు: ప్రయాణికుల విమానమా, యుద్ధ విమానమా, నౌకాదళ ఓడా, డ్రోనా
- కొనేది ఎవరు, చివరికి వాడేది ఎవరు (ఈ రెండూ చాలాసార్లు వేరు)
- ఆ డ్రాయింగ్ ఎవరిది, దాని మీద ఏమైనా హెచ్చరిక ముద్ర ఉందా

ఐదో దాన్ని చాలామంది వదిలేస్తారు. అమెరికా కంపెనీ డ్రాయింగ్ అయితే టైటిల్ బ్లాక్ దగ్గర ఐటార్ అనో, ఈఏఆర్ అనో రాసి ఉండొచ్చు, అవి అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనల పేర్లు. ఉంటే ఆ డ్రాయింగ్‌ని మీ ఇష్టం వచ్చినట్టు పక్క షాపుకి వాట్సాప్‌లో పంపడానికి లేదు. ప్లేటింగ్‌కి పంపినా సరే, ముందు కొనుగోలుదారుని రాతపూర్వకంగా అడగాలి.

తర్వాత హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు వస్తువును గుర్తించే నంబరు. ఇన్నాళ్లూ జాబ్ వర్క్ బిల్లులో వేసిన 9988 సర్వీస్ కోడ్ ఇక్కడ పనికిరాదు, సొంత మెటీరియల్‌తో చేసి అమ్మే వస్తువుకి వస్తువు కోడే కావాలి. విమాన భాగాలకు 8807. పాత కాగితాల్లో 8803 అని కనిపిస్తుంది, 2022లో మారింది, దాన్ని కాపీ కొట్టకండి. ఇంకో తిరకాసు ఏమిటంటే, విమానంలో బిగించినంత మాత్రాన బోల్టు 8807 అయిపోదు, మామూలు ఇనుప, ఉక్కు బోల్టులు, నట్లు 7318 కిందే ఉంటాయి. కోడ్ తప్పయితే డ్రాబ్యాక్ (ఎగుమతి మీద తిరిగొచ్చే సుంకం) రేటూ తప్పుతుంది, అవతలి దేశంలో సుంకమూ తప్పుతుంది.

2. స్కోమెట్ జాబితాతో పోల్చండి: ఇదే అసలు మెట్టు

మన దేశం నుంచి పోయే సున్నితమైన వస్తువులు, పరికరాలు, టెక్నాలజీ అన్నిటికీ కలిపి ఒక జాబితా ఉంది. దాన్నే స్కోమెట్ అంటారు. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర కార్యాలయం డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. 0 నుంచి 8 వరకు కేటగిరీలు. మనలాంటి వాళ్లు ముఖ్యంగా మూడు చూడాలి.

కేటగిరీ 5 ఏరోస్పేస్ వ్యవస్థలది. రాకెట్లు, మనిషి లేకుండా ఎగిరేవి, వాటి ఉత్పత్తి, పరీక్ష పరికరాలు. అనుమతి డీజీఎఫ్‌టీ ఇస్తుంది.

కేటగిరీ 6 మిలిటరీ వస్తువులది, మ్యూనిషన్స్ లిస్ట్ అంటారు. దీనికి అనుమతి ఇచ్చేది డీజీఎఫ్‌టీ కాదు, రక్షణ శాఖలోని డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం. టార్పెడోలు, బాంబులు, రాకెట్లు 6ఏ004లో, యుద్ధనౌకలు 6ఏ009లో, మిలిటరీ విమానాలు 6ఏ010లో ఉంటాయి.

కేటగిరీ 8 రెండు విధాలా వాడదగ్గ వాటిది. ప్రత్యేక పదార్థాలు, ఎలక్ట్రానిక్స్, నావిగేషన్, మెరైన్, ఇంజన్ల సామగ్రి ఇందులో వస్తాయి. పౌర విమానాల పని చేసేవాళ్లు "మాది మిలిటరీ కాదు కదా" అని ఈ కేటగిరీని చూడకుండా వదిలేస్తారు. వదలొద్దు.

జాబితా చదివేటప్పుడు ఒక మాట మీద వేలు పెట్టి ఆగండి: "ప్రత్యేకంగా డిజైన్ చేసిన". చాలా ఎంట్రీల్లో విడిభాగాలు ఆ మాటతోనే లోపలికొస్తాయి. ఉదాహరణకి అల్యూమినియం బ్రాంజ్ బుష్ అనుకోండి. హార్బర్‌లో తిరిగే మామూలు టగ్‌కి కేటలాగ్ సైజులో చేస్తే అది ఒకటి. అదే బుష్, అదే మెటీరియల్, యుద్ధనౌక వ్యవస్థ కోసం ప్రత్యేకంగా గీసిన డ్రాయింగ్‌తో చేస్తే 6ఏ009 కింద పడే అవకాశం ఉంది. చేతిలో పట్టుకుని చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా డ్రాయింగ్‌లోనూ, వాడేచోటా ఉంటుంది. అందుకే మొదటి మెట్టులో ఎక్కడ బిగిస్తారో రాయమన్నది.

మీకు అర్థం కాకపోతే ఊహించకండి. పక్క షాపువాళ్లు అనుమతి లేకుండానే పంపారు కదా అనీ అనుకోకండి. వాళ్ల డ్రాయింగ్ వేరు, మీ డ్రాయింగ్ వేరు. డీజీఎఫ్‌టీ స్కోమెట్ మీద హ్యాండ్‌బుక్ కూడా విడుదల చేసింది, ముందు అది చదవండి, అప్పటికీ తేలకపోతే సాంకేతిక వివరాలతో డీజీఎఫ్‌టీకి రాతపూర్వకంగా రాయండి. ఆ జవాబు ఫైల్లో ఉంటే రేపు కస్టమ్స్ దగ్గర మీకు అదే దన్ను. అనుమతి లేకుండా పంపి దొరికితే విదేశీ వాణిజ్య చట్టం కింద సరుకు విలువకి ఐదు రెట్ల దాకా జరిమానా పడొచ్చు, ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేయడానికి కావాల్సిన కోడ్) కూడా సస్పెండ్ కావచ్చు. చిన్న షాపు అంత దెబ్బ తట్టుకోలేదు.

ఇంకో సంగతి. సరుకు మాత్రమే ఎగుమతి కాదు. జాబితాలో ఉన్న వస్తువు తాలూకు డ్రాయింగ్, ప్రాసెస్ షీట్, సీఎన్‌సీ ప్రోగ్రామ్ మెయిల్‌లో బయటి దేశానికి పంపినా అది టెక్నాలజీ ఎగుమతే. కొటేషన్ దశలోనే ఇది జరిగిపోతుంటుంది, ఎవరూ గమనించరు. జాగ్రత్త.

3. అనుమతి కావాలని తేలితే

కేటగిరీ 6 అయితే డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం ఆన్‌లైన్ పోర్టల్‌లో, మిగతావి డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో దరఖాస్తు. అణు సంబంధమైనవి వేరే దారి, అది మన విషయం కాదు. డీజీఎఫ్‌టీకి వెళ్లిన వాటిని వేర్వేరు శాఖల అధికారులు కూర్చునే కమిటీ పరిశీలిస్తుంది కాబట్టి డెలివరీ తేదీ ఒప్పుకునేటప్పుడు ఆ వారాలు లెక్కలో వేసుకోండి. "అనుమతి వచ్చిన తేదీ నుంచి ఇన్ని వారాల్లో డెలివరీ" అని పీవోలో (కొనుగోలు ఆర్డరులో) రాయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

దరఖాస్తుకి ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- కొనుగోలు ఆర్డరు, సంతకంతో
- ఎండ్ యూజర్ సర్టిఫికెట్, అంటే చివరికి ఎవరు, దేనికి వాడతారో రాసిచ్చే కాగితం
- వస్తువు సాంకేతిక వివరాలు, స్కోమెట్ ఎంట్రీ నంబరు, అది ఎందుకు ఆ ఎంట్రీలోకి వస్తుందో ఒక పేరా
- మధ్యలో ఏజెంట్లు, ట్రేడర్లు ఉంటే వాళ్లందరి పేర్లు, చిరునామాలు
- మీ కంపెనీ కాగితాలు, గతంలో ఏమైనా అనుమతులు తీసుకుని ఉంటే వాటి వివరాలు

ఎండ్ యూజర్ సర్టిఫికెట్ దగ్గరే ఎక్కువమంది ఫైళ్లు వెనక్కి వస్తాయి. పీవోలో ఉన్న పార్ట్ నంబరు, పరిమాణం, కంపెనీ పేరు, చిరునామా సర్టిఫికెట్‌లో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పీవోలో 200 అని, సర్టిఫికెట్‌లో 250 అని ఉంటే ప్రశ్న వస్తుంది. ఎవరు సంతకం పెట్టాలన్నది వస్తువును బట్టి మారుతుంది, విడిభాగాలకు ఒక తీరు, పూర్తి ఆయుధ వ్యవస్థలకు ఇంకో తీరు. పోర్టల్‌లో ఉన్న నమూనానే పంపి నింపించుకోండి, కొనుగోలుదారు తమ సొంత ఫార్మాట్‌లో ఇస్తామంటే ఒప్పుకోకండి.

ఇక్కడ చిన్నవాళ్లకి నిజంగా పనికొచ్చే సౌకర్యం ఒకటుంది. డిఫెన్స్ ప్రొడక్షన్ విభాగం ఓజెల్ అనే ఓపెన్ జనరల్ ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ ఇస్తుంది. నిర్ణీత విడిభాగాలను, నిర్ణీత దేశాలకు, ప్రతిసారీ విడి అనుమతి అడగకుండా పంపుకోవచ్చు, బదులుగా ఎప్పటికప్పుడు లెక్కలు సమర్పించాలి. ఒకే కొనుగోలుదారుకి ఒకే రకం భాగాలు నెలనెలా వెళ్లే షాపులకి ఇది చాలా సుఖం. మొదటి ఒకటి రెండు షిప్‌మెంట్లు విడి అనుమతితో పంపి, కాగితాల అలవాటు పడ్డాక దీనికి వెళ్లండి. దేశాల జాబితా ఆ రోజుకి పోర్టల్‌లో ఉన్నదే చూడండి.

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, తయారీకి ఇండస్ట్రియల్ లైసెన్స్ కావాలా అని. ఎక్కువ రకాల విడిభాగాలు, కాస్టింగ్‌లు, ఫోర్జింగ్‌లను 2014లోనే లైసెన్స్ జాబితా నుంచి తీసేశారు. కానీ తయారీ లైసెన్స్ అక్కర్లేదంటే ఎగుమతి అనుమతి కూడా అక్కర్లేదని కాదు. ఈ రెండిటినీ కలిపేసుకుని దెబ్బతిన్నవాళ్లని చూశాను.

4. పునాది కాగితాలు: ఈ వరసలోనే

ఇది త్వరగా చెప్పేస్తాను, ఆడిటర్ గారు సగం చేసిపెడతారు.

1. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు. పూర్తిగా ఉచితం. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి: సూక్ష్మ సంస్థకి పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల వరకు. చిన్న సంస్థకి 25 కోట్లు, 100 కోట్ల వరకు. పాత సర్టిఫికెట్ ఉంటే మీరు ఇప్పుడు ఏ వర్గమో మళ్లీ చూసుకోండి, సబ్సిడీ శాతం దాన్ని బట్టే మారుతుంది.

2. ఐఈసీ. డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో 500 రూపాయలు. పాన్ నంబరే మీ ఐఈసీ నంబరు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య లోపలికెళ్లి వివరాలు సరిచూసి కన్ఫర్మ్ కొట్టాలి, మార్పు ఏమీ లేకపోయినా కొట్టాలి. లేదంటే డీయాక్టివేట్ అవుతుంది.

3. బ్యాంకు నుంచి ఏడీ కోడ్, అంటే ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు శాఖ నంబరు. తీసుకుని కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో నమోదు చేయాలి, అదీ మీరు వాడే ప్రతి పోర్టుకీ విడిగా. బరువైన సరుకు విశాఖ పోర్టు నుంచి, చిన్న పార్టులు హైదరాబాద్ ఎయిర్ కార్గో నుంచి పంపే ఆలోచన ఉంటే రెండుచోట్లా ముందే చేయించండి. లోకల్ బ్రాంచిలో అందరికీ దీని మీద అవగాహన ఉండకపోవచ్చు, విదేశీ మారకం చూసే బ్రాంచి ఏదో అడిగి అక్కడికే వెళ్లండి.

4. జీఎస్టీ ఎల్‌యూటీ, ఒక హామీ పత్రం. ఆర్‌ఎఫ్‌డీ 11 ఫారం. ఇది ఉంటే ఐజీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయొచ్చు. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తది వేయాలి. మార్చి ఆఖరి వారంలో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

5. ఆర్‌సీఎంసీ, ఎగుమతి ప్రోత్సాహక మండలిలో సభ్యత్వ ధ్రువపత్రం. మనలాంటి ఇంజనీరింగ్ వస్తువులకు ఈఈపీసీ ఇండియాలో సభ్యత్వం. చాలా సాయాలకి ఇది తలుపు తాళం లాంటిది.

5. క్వాలిటీ: పార్టు బాగుంటే చాలదు, కాగితం కూడా బాగుండాలి

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే మన ప్రాంతం షాపులు వెనకబడేది చేతిపనిలో కాదు, ఇక్కడే.

మా మొదటి సరుకు నలభై బుష్‌లు. లోపలి బోర్ అద్దంలా వచ్చింది, గేజ్ వేస్తే మెత్తగా దిగేది, అంచున బర్ వేలికి తగిలేది కాదు. పెట్టె అవతలికి వెళ్లింది. ఐదు వారాలు ఆపేశారు. ఎందుకంటే డ్రాయింగ్ రివిజన్ సి, మా ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రివిజన్ బి అని ఉంది. పాత రిపోర్టు మీదే కొలతలు దిద్దుకున్నాం, పైన అక్షరం మార్చడం మర్చిపోయాం. కొలతలన్నీ కొత్త రివిజన్ ప్రకారమే ఉన్నాయని చెప్పినా లాభం లేకపోయింది, వాళ్ల దృష్టిలో రిపోర్టు లేని పార్టు పార్టే కాదు. మళ్లీ రిపోర్టులన్నీ చేసి, సంతకాలు పెట్టి పంపాక డబ్బు వచ్చింది. ఆ ఐదు వారాల్లో మెటీరియల్ షాపుకి సర్దలేక పడ్డ ఇబ్బంది నాకింకా గుర్తుంది.

కాబట్టి మొదటి పార్టుకి ఈ కట్ట తయారు చేయడం అలవాటు చేసుకోండి:

- బెలూన్ డ్రాయింగ్: ప్రతి కొలతకీ, ప్రతి నోటుకీ ఒక నంబరు చుట్టి రాయడం
- ఆ నంబర్ల వరసలోనే ఏఎస్ 9102 పద్ధతిలో ఫస్ట్ ఆర్టికల్ రిపోర్టు
- మెటీరియల్ మిల్ సర్టిఫికెట్, హీట్ నంబరు పార్టు దాకా కలవాలి
- హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ చేసినవాళ్ల సర్టిఫికెట్లు
- వాడిన గేజ్‌ల, మైక్రోమీటర్ల కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, గడువు దాటనివి
- సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మెన్స్, సరైన రివిజన్ అక్షరంతో

సర్టిఫికేషన్ విషయానికొస్తే, విమాన రంగంలో పెద్ద కొనుగోలుదారులు అడిగేది ఏఎస్ 9100. ఐఎస్‌ఓ 9001 లేనివాళ్లు ముందు అది గట్టిగా చేసి తర్వాత దీనికి వెళ్లండి. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, ఎన్‌డీటీ (పార్టు పాడవకుండా చేసే పరీక్ష) లాంటి ప్రత్యేక ప్రాసెస్‌లకు నాడ్‌క్యాప్ గుర్తింపు అడుగుతారు, అది మీరు తెచ్చుకోవాలని ఏమీ లేదు, ఉన్నవాళ్ల దగ్గర ఆ పని చేయించుకోవచ్చు. హైదరాబాద్, బెంగళూరుల్లో దొరుకుతారు.

కేంద్రం చిన్న పరిశ్రమలకు ఇచ్చే జెడ్ క్వాలిటీ సర్టిఫికేషన్‌కి ఫీజు బ్రాంజ్ 10,000, సిల్వర్ 40,000, గోల్డ్ 90,000 రూపాయలు. అందులో సూక్ష్మ సంస్థలకి 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం సబ్సిడీ. మహిళల యాజమాన్యంలోని సంస్థలకైతే ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. దీన్ని విదేశీ కొనుగోలుదారు ఏఎస్ 9100కి బదులుగా తీసుకుంటారనుకోకండి. కానీ రికార్డులు రాసే అలవాటు షాపుకి వస్తుంది, ఆ అలవాటు కోసమైనా తీసుకోండి.

సీఎంఎం (పార్టు కొలతలు కచ్చితంగా తీసే) మిషన్ కొనే స్తోమత లేనివాళ్లు కంగారు పడొద్దు. అచ్యుతాపురం దగ్గర పూడిలో కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ టెక్నాలజీ సెంటర్ ఉంది. ఏ సౌకర్యం ఉంది, రేటెంత అన్నది ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. విజయనగరం నుంచి పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు.

6. ఇప్పుడు డబ్బు సాయం

ఒకటి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో దొరికే వీడియోల్లో సగం పాతవి. ఎగుమతి అప్పు మీద వడ్డీ తగ్గించే ఇంట్రెస్ట్ ఈక్వలైజేషన్ స్కీమ్ గురించి ఇంకా చెబుతున్నారు, అది 2024 డిసెంబరు 31తో ముగిసింది. దాన్నీ, మార్కెట్ యాక్సెస్ సాయాన్నీ కలిపి 2025 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ మిషన్‌ని ఆమోదించింది. 2030-31 దాకా 25,060 కోట్ల రూపాయలు. ఇందులో రెండు భాగాలు. నిర్యాత్ ప్రోత్సాహన్ అప్పు, వడ్డీ, గ్యారంటీల వైపు. నిర్యాత్ దిశ క్వాలిటీ సర్టిఫికేషన్, ఎగ్జిబిషన్లు, ప్యాకింగ్, రవాణా లాంటి వాటివైపు. ఒక్కో సాయానికీ వేరే మార్గదర్శకాలు వస్తాయి కాబట్టి దరఖాస్తుకి ముందు మీ హెచ్‌ఎస్ కోడ్ అందులో ఉందో లేదో డీజీఎఫ్‌టీ నోటీసుల్లో చూసుకోండి. మొదటి మెట్టులో కోడ్ సరిగా తేల్చుకోమన్నది ఇందుకు కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఎంఎస్‌ఎంఈ శాఖ ఇంటర్నేషనల్ కోఆపరేషన్ స్కీమ్ చూడండి. అందులో తొలిసారి ఎగుమతి చేసే సూక్ష్మ, చిన్న సంస్థల కోసం ఒక భాగం ఉంది. ఆర్‌సీఎంసీ ఫీజు, ఎగుమతి బీమా ప్రీమియం, టెస్టింగ్, క్వాలిటీ సర్టిఫికేషన్ ఖర్చుల్లో నిర్ణీత పరిమితి వరకు తిరిగి ఇస్తారు. ముందు మీరు కట్టాలి, తర్వాత బిల్లు పెట్టాలి. కాబట్టి ప్రతి రసీదూ కంపెనీ పేరు మీదే, బ్యాంకు ద్వారానే ఉండాలి.

అప్పు: పీవో చూపించి ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపేముందు ఇచ్చే ఎగుమతి అప్పు) అడగండి, మామూలు క్యాష్ క్రెడిట్ కంటే ఇది ఎగుమతికి తగ్గట్టు ఉంటుంది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదంటే మీ తరఫున బ్యాంకుకి హామీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ ఉంది, సూక్ష్మ, చిన్న సంస్థలకి 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 కోట్లకి పెరిగింది. మేనేజర్ గారు ఇల్లు తాకట్టు అడిగితే, ఈ పేరు చెప్పి మర్యాదగా రాతపూర్వకంగా అడగండి.

బీమా: ఈసీజీసీ, కేంద్ర ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ. పార్టులు వెళ్లాక కొనుగోలుదారు దివాలా తీసినా, ఆ దేశంలో గొడవలొచ్చి డబ్బు ఆగినా ఆదుకునేది ఇదే. సరుకు కదలకముందే కొనుగోలుదారు మీద క్రెడిట్ లిమిట్ తీసుకోవాలి. తర్వాత తీసుకుంటే లాభం లేదు.

ముడిసరుకు సుంకం: టైటానియం బారో, ప్రత్యేక అల్యూమినియమో దిగుమతి చేసుకుని ఎగుమతి పార్టు చేస్తే అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మామూలుగా కనీసం 15 శాతం విలువ జోడింపు చూపించాలి. మామూలు వస్తువులకు ఎగుమతి గడువు 18 నెలలు, రక్షణ, ఏరోస్పేస్ వస్తువులకు 24 నెలలు లేదా కాంట్రాక్టు గడువు, ఏది ఎక్కువైతే అది. ఈ వెసులుబాటు మనకోసమే ఉంది, అప్లికేషన్‌లో గట్టిగా అడగండి.

మిషన్ మీద సుంకం: ఈపీసీజీ స్కీమ్. సుంకం మినహాయింపుతో మిషన్ వస్తుంది, కానీ మీకు ఆదా అయిన సుంకానికి ఆరు రెట్లు ఆరేళ్లలో ఎగుమతి చేయాలి. 10 లక్షలు ఆదా అయితే 60 లక్షల ఎగుమతి. నా మాట వినండి, చేతిలో నికరమైన ఆర్డర్లు లేకుండా మొదటి ఏడాదే దీని జోలికి పోకండి. చేయలేకపోతే వడ్డీతో సహా కట్టాలి.

డ్రాబ్యాక్, రోడ్‌టెప్ (ఎగుమతి వస్తువు మీద పడ్డ పన్నుల్లో కొంత తిరిగిచ్చే స్కీమ్) సంగతి కింద షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) దగ్గర చెబుతాను.

రక్షణ శాఖ ఐడెక్స్ గురించి చాలామంది అడుగుతారు. మంచి స్కీమే, 1.5 కోట్ల దాకా గ్రాంటు ఉంది, కానీ అది కొత్త ఉత్పత్తి తయారుచేసి మన సైన్యానికి ఇవ్వడానికి. డ్రాయింగ్ ప్రకారం పార్టులు చేసి ఎగుమతి చేసే షాపుకి అది దారి కాదు. ఆ దరఖాస్తు మీద ఆరు నెలలు పెట్టకండి.

7. జిల్లాలో ఎవరిని కలవాలి

విజయనగరం, శ్రీకాకుళం రెండుచోట్లా జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. జనరల్ మేనేజర్ గారిని కలిసి రెండు విషయాలు అడగండి. ఒకటి, రాష్ట్ర ఎంఎస్‌ఎంఈ పాలసీ 4.0, ఏరోస్పేస్, డిఫెన్స్ పాలసీ 4.0 కింద మీ యూనిట్‌కి ఏ ప్రోత్సాహకాలు వర్తిస్తాయి, క్లెయిమ్ గడువు ఎప్పటిదాకా. ఏరోస్పేస్ పాలసీ 2025-30కి సంబంధించింది, అందులో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాన్ని నౌకాదళ రంగ క్లస్టర్‌గా గుర్తించారు, కాబట్టి ఓడల సామగ్రి చేసేవాళ్లు అది తప్పక చదవాలి. రెండు, కలెక్టర్ గారి అధ్యక్షతన జరిగే పరిశ్రమల, ఎగుమతుల కమిటీ తర్వాతి సమావేశం ఎప్పుడు. కరెంటు, రోడ్డు, అనుమతుల ఆలస్యం లాంటివి అక్కడ రాతపూర్వకంగా పెడితే కదులుతాయి. ఊరికే నోటిమాటగా చెబితే కదలవు.

ఐఈసీ, అడ్వాన్స్ ఆథరైజేషన్ లాంటి వాటికి విశాఖలో డీజీఎఫ్‌టీ ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఆన్‌లైన్‌లో చిక్కుపడిన దాన్ని నేరుగా వెళ్లి అడిగితే ఒక్క పూటలో అర్థమవుతుంది. వెళ్లేటప్పుడు ఫైల్ నంబరు, స్క్రీన్ ప్రింటు పట్టుకెళ్లండి.

8. మొదటి షిప్‌మెంట్

ధర చెప్పేటప్పుడు ఎక్స్ వర్క్స్ (షాపు గుమ్మం దగ్గరే అప్పగింత) అని రాయకండి. అవతలి మనిషి రవాణా ఏజెంటు వచ్చి తీసుకెళ్తే ఎగుమతి కాగితాలు ఎవరి చేతిలో ఉంటాయో తెలియదు. ఎఫ్‌సీఏ (రవాణాదారుకి అప్పగించేదాకా మీ బాధ్యత) గానీ ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా మీ బాధ్యత) గానీ రాయండి, షిప్పింగ్ బిల్లు మీ పేరు మీద ఉంటుంది.

ప్యాకింగ్ దగ్గర మన వాతావరణాన్ని మర్చిపోకండి. సముద్రం పక్కనే ఉన్నాం, ఉప్పుగాలి, ఆగస్టులో తేమ. మిషన్ మీంచి దిగిన ఉక్కు పార్టుని ఒట్టి చేత్తో పట్టుకుంటే రెండోరోజుకి వేలిముద్ర ఎర్రగా తేలుతుంది. గ్లవ్స్ వేసుకుని, తుడిచి, రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్ పూసి, తుప్పు పట్టనివ్వని వీసీఐ కవర్లో, సిలికా జెల్‌తో, ఒక్కో పార్టు విడివిడిగా. చెక్క పెట్టెకి, పురుగు పట్టకుండా శుద్ధి చేసినట్టు తెలిపే ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర ఉండాలి, లేకపోతే అవతలి పోర్టులో పెట్టెనే ఆపేస్తారు.

సీహెచ్‌ఏకి (కస్టమ్స్ ఏజెంటుకి) కాగితాలు ఇచ్చేముందు ఈ చెక్‌లిస్టు:

- ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, పీవో, ఎండ్ యూజర్ సర్టిఫికెట్ నాలుగింట్లో పార్ట్ నంబరు, రివిజన్, పరిమాణం ఒకటే
- అనుమతి ఉంటే దాని నంబరు, తేదీ. అనుమతిలో ఉన్న పరిమాణం దాటలేదు
- అనుమతి అక్కర్లేకపోతే, ఎందుకు అక్కర్లేదో మీ సంతకంతో ఒక డిక్లరేషన్, జతగా డేటాషీట్
- ఎల్‌యూటీ నంబరు ఈ ఆర్థిక సంవత్సరానిదే
- షిప్పింగ్ బిల్లు డ్రాఫ్ట్ మీరే కళ్లారా చదివారు

ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. రోడ్‌టెప్ ప్రయోజనం కావాలంటే షిప్పింగ్ బిల్లులో ఆ మేరకు డిక్లేర్ చేయాలి. అక్కడ వై బదులు ఎన్ పడితే తర్వాత దిద్దించుకోవడం చాలా కష్టం. డ్రాబ్యాక్ సీరియల్ నంబరు కూడా అక్కడే. రేట్లు, గడువులు మారుతుంటాయి, సరుకు కదిలే వారంలోనే చూసుకోండి.

సరుకు వెళ్లాక డబ్బు ఆర్‌బీఐ గడువులోపు రావాలి. వచ్చిన వెంటనే బ్యాంకు నుంచి వచ్చిన వివరాలతో డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో ఈబీఆర్‌సీ (ఎగుమతి డబ్బు వచ్చినట్టు ధ్రువపత్రం) తీసుకోండి. ఈబీఆర్‌సీ లేని ఎగుమతి, స్కీముల లెక్కల్లో ఎగుమతి కాదు.

9. నాకు తరచూ కనిపించే తప్పులు, వాటి దిద్దుబాట్లు

డ్రాయింగ్ ముందే మెయిల్ చేసేశాం, ఇప్పుడు చూస్తే జాబితాలో ఉంది. వెంటనే ఆపండి, ఇంకేమీ పంపకండి. దాచిపెట్టొద్దు. ఏం వెళ్లింది, ఎప్పుడు, ఎవరికి అన్నది రాసుకుని, ఈ చట్టం తెలిసిన న్యాయవాదిని కలిసి డీజీఎఫ్‌టీకి మీరే స్వచ్ఛందంగా తెలియజేయండి. వాళ్లంతట వాళ్లు కనుక్కోవడం కంటే మీరు చెప్పడమే మేలు.

కొనుగోలుదారు చివరి వాడకం చెప్పనంటున్నారు. "మా కస్టమర్ రహస్యం" అంటారు. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ లేకుండా అనుమతి రాదని ఒక లైన్ మెయిల్ పెట్టండి. నిజమైన కొనుగోలుదారుకి ఇది తెలిసిన విషయమే, నాలుగు రోజుల్లో పంపిస్తారు. పంపకుండా రేటు పెంచుతాం, త్వరగా పంపండి అంటే ఆ ఆర్డరు వదిలేయండి. ఎంత పెద్దదైనా వదిలేయండి.

ఏడీ కోడ్ ఒక పోర్టులో ఉంది, సరుకు ఇంకో పోర్టులో ఉంది. బ్యాంకు లేఖతో ఐస్‌గేట్‌లో ఆ పోర్టుకి నమోదు పెట్టండి, ఈలోగా సరుకుని అక్కడే ఉంచితే అద్దె పడుతుంది కాబట్టి వీలైతే షాపు నుంచి కదిలించకముందే చూసుకోండి.

హైదరాబాద్ కంపెనీకి ఇస్తున్నాం, వాళ్లు ఎగుమతి చేస్తున్నారు, మాకేమైనా వస్తుందా? మీరు నేరుగా ఎగుమతిదారు కాదు, కానీ వాళ్లకి అడ్వాన్స్ ఆథరైజేషన్ ఉంటే మీ సరఫరా డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ (ఎగుమతితో సమానంగా లెక్కించే దేశీయ సరఫరా) కింద రావొచ్చు. వాళ్ల పర్చేజ్ వాళ్లని ఇన్‌వాలిడేషన్ లెటర్ (దిగుమతికి బదులు మీ దగ్గర కొనేందుకు డీజీఎఫ్‌టీ నుంచి తెచ్చే లేఖ) ఇస్తారా అని అడగండి. అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఫైల్ దొరకట్లేదు. స్కోమెట్ వస్తువుల రికార్డులు ఐదేళ్లు ఉంచాలి. మేము ఒక్కో షిప్‌మెంట్‌కి ఒక్కో బాక్స్ ఫైల్ పెట్టాం. వెన్ను మీద పార్ట్ నంబరు, రివిజన్ అక్షరం ఎర్ర మార్కర్‌తో, దాని కింద షిప్పింగ్ బిల్లు నంబరు. లోపల మొదటి పేజీ స్కోమెట్ చూసిన కాగితం, ఆఖరి పేజీ ఈబీఆర్‌సీ. మధ్యలో ఏదైనా పేజీ లేకపోతే ఆ ఫైల్ బీరువాలోకి వెళ్లదు, బల్ల మీదే ఉంటుంది.